రెండో నంబరు నిప్పు

పోయిన వారం మేస్త్రిని మెట్ల మీద వదిలేశాం. అద్దకం మిల్లులో ఇరవై ఆరేళ్లుగా బాయిలర్ కాస్తున్న మనిషి, మిల్లు తరఫున సాక్ష్యం చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని నగరసభ భవనం మెట్లెక్కుతుంటే, అదే మిల్లు మీద అర్జీ పెట్టిన కన్నకూతురు పైనుంచి దిగుతూ ఎదురైంది. తండ్రి ఎవరి తరఫున వచ్చాడో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. వంకరగా ఉన్న ఆయన కాలరు సరిచేసి, వెనక్కి తిరిగి పైకి వెళ్లిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకి మేస్త్రి దగ్గర జవాబులున్నాయి. సరిచేసిన కాలరుకి ఏం జవాబు చెబుతాడు?

విచారణ గది రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, దానికి అటూ ఇటూ కుర్చీల వరసలు, నెత్తిన తిరుగుతున్నా గాలి రాని ఫ్యాన్లు. కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల మిల్లు రేకుల కప్పులు, వాటి పైన రెండు చిమ్నీలు కనబడతాయి. మొదటిదాంట్లోంచి బూడిదరంగు పొగ సన్నగా పోతోంది. రెండోది ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

మేస్త్రిని మిల్లువాళ్ల వరసలో ఇంజనీరు పక్కన కూర్చోబెట్టారు. ఆ కుర్చీ మెత్తగా ఉంది. ఇరవై ఆరేళ్లలో మిల్లు ఆయనకి మెత్తటి కుర్చీ వేయడం ఇదే మొదలు. అందుకే ఆయన అంచు మీద కూర్చున్నాడు.

ఎదురు వరసలో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు పదిమంది ఉన్నారు. రెండంతస్తుల డాబా ఎక్కి ఊళ్లో చిమ్నీలని కనిపెట్టుకుని కూర్చుంటారని వాళ్లకి డాబా పిల్లలని పేరు. వాళ్ల మధ్యలో సన్నటి ఒళ్లూ, ఒత్తు జుట్టుతో ఇంత తలా వేసుకుని గుండుసూది. ఆ పేరు పెట్టింది మేస్త్రే. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఒళ్లు, దాని మీద పెద్ద తల. పెరిగాక గుచ్చే గుణం కూడా వచ్చింది గనక పేరు మార్చాల్సిన అవసరం పడలేదు.

విచారణ జరిపే పెద్దావిడ రిటైరైన జడ్జి. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల చేతులకేసి చూస్తుంది. నోరు అబద్ధం ఆడినంత తేలిగ్గా చేతులు ఆడలేవని ఆవిడ నమ్మకం కాబోలు.

పిల్లలు అడుగుతున్నది కొత్తదేమీ కాదు గానీ, ఈ ఊళ్లో అంత గట్టిగా అడిగిన వాళ్లు లేరు. పొగ గొట్టం ఉన్న ప్రతి కార్ఖానా తను గాల్లోకి వదిలే కర్బనానికి టన్నుకింత అని రుసుము కట్టాలి. వచ్చినదాన్ని ఊళ్లోవాళ్లకి తలకింత చొప్పున పంచాలి. అందులోనూ పల్లపు వీధులకి ముందు ఇవ్వాలి. పోయిన ఏడు కాలం కాని కాలంలో వాన మూడుసార్లు దంచికొట్టి ఆ వీధుల్ని నడుముల్లోతు ముంచింది. అక్కడ కారున్న వాడు లేడు, ఇంట్లో చల్లటి గాలి మిషను ఉన్న వాడు లేడు, ఏడాదికి రెండు చొక్కాలకి మించి కొన్నవాడు లేడు. నీళ్లు మాత్రం దారి అడక్కుండా వాళ్ల ఇళ్లకే వచ్చాయి. ఈ సంగతి గుండుసూది లేచి చెప్పినప్పుడు గొంతు పెంచలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. దుకాణంలో సరుకు తూకం తక్కువుందని చెప్పే మనిషిలా చెప్పింది. మేస్త్రికి అది నచ్చింది. నచ్చినట్టు కనబడకుండా గోడ గడియారం కేసి చూశాడు.

చిక్కంతా ఒక్క షరతు దగ్గర వచ్చిపడింది. ఒకటే పొయ్యి ఉన్నవాళ్లు రుసుము కట్టక్కర్లేదన్నది ఆ షరతు. రాసింది గుండుసూదే. వీధి చివర లాండ్రీ ఆవిడా, రొట్టెలు కాల్చే ముసలాయనా ఈ దెబ్బకి కొట్టు కట్టేసుకోకూడదని రాసింది. ఆ లాండ్రీ ఆవిడ కోసం తెరిచిన చిన్న తలుపులోంచి అద్దకం మిల్లు పదహారు ఎకరాలతో సహా దూరి వచ్చేసింది. మాదీ ఒకటే పొయ్యి, రెండో బాయిలర్ పేరుకే ఉంది, పదకొండేళ్లుగా చల్లగా పడుంది అని కాగితం దాఖలు చేసింది. మిల్లు తప్పించుకుంటే దాని వెనకే తక్కిన పెద్దవాళ్లందరూ తప్పించుకుంటారు. చివరికి రుసుము కట్టేవాడు ఎవడూ మిగలడు.

డాబా పిల్లల దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే, మంచు. ఫొటోలు తీసే పిల్ల నలభై పొద్దులు వరసగా డాబా మీద నిలబడి మిల్లు కప్పుని ఫొటో తీసింది. చలికాలం పొద్దున రేకులన్నీ మంచు తడితో తెల్లగా మెరుస్తుంటాయి. మొదటి బాయిలర్ పైనున్న రేకులు పొడిగా ఉంటాయి, అది మండుతోంది గనక. దానికి ఇరవై అడుగుల అవతల, చల్లగా పడుందన్న రెండో బాయిలర్ మీద రేకులు కూడా పొడిగానే ఉన్నాయి. నలభై ఫొటోల్లోనూ ఉన్నాయి. పెద్దావిడ వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసింది.

ఇంజనీరు లేచాడు. మనిషి కుర్రవాడే, మాట మాత్రం నున్నగా పాలిష్ పట్టినట్టు ఉంటుంది. మొదటి బాయిలర్ వేడి పక్కకి పాకడం సహజమన్నాడు. గాలివాటు అన్నాడు. ఈ రోజుల్లో ఫొటో మీద మంచు తుడిచేయడం చిన్నపిల్లల ఆట అని, చిన్నపిల్లల అన్న మాట దగ్గర ఎదురు వరసకేసి చూసి నవ్వాడు. చివరికి మిల్లు రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. పదకొండేళ్ల రిజిస్టరు. రోజుకో సంతకం.

పెద్దావిడ పిల్లల్ని ఉద్దేశించి ఒక మాట చెప్పింది. చెప్పడం తన బాధ్యత గనక చెబుతున్నానంది. ఆధారం కల్పితమని తేలితే అర్జీ ఇక్కడే కొట్టేస్తారు. పెట్టినవాళ్లు మూడేళ్ల దాకా ఈ సభలో మళ్లీ అర్జీ పెట్టడానికి లేదు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే ఆ మచ్చ ఉండదు.

"తీసుకోం," అంది గుండుసూది.

అంతే అంది. మేస్త్రి వేళ్లు మోకాలి మీద పార కర్రని పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి.

అప్పుడు ఇంజనీరు ఆయన్ని పిలిచాడు. 'మా సీనియర్ మేస్త్రి, మిల్లుకి వెన్నెముక' అని పరిచయం చేశాడు. రిజిస్టరు ముందుకి తోసి, సంతకం ఎవరిదని అడిగాడు. తనదే అన్నాడు మేస్త్రి. రెండో నంబరు గడిలో ఏం రాసి ఉందని అడిగాడు. చల్లగా ఉంది అని రాసి ఉందన్నాడు మేస్త్రి. నిన్న కూడా అదే రాసి ఉందా అంటే, అదే అన్నాడు. అంతే, ఇంకేం అడగక్కర్లేదని ఇంజనీరు కూర్చున్నాడు. మూడు ప్రశ్నలు, మూడు నిజాలు. చెమట పట్టకుండా పని అయిపోయింది.

కానీ ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించే హక్కు అర్జీదారుకి ఉంది. గుండుసూది కుర్చీ వెనక్కి జరిపి లేచింది. గదిలో ఉన్నవాళ్లలో సగంమందికి వాళ్ల చుట్టరికం తెలుసు. తెలియనివాళ్లకి పక్కవాళ్లు చెవిలో చెప్పారు. పెద్దావిడ అదే అడిగింది, సాక్షి మీకేమవుతాడని.

"మా నాన్నండి."

వేరేవాళ్లు ప్రశ్నిస్తే బాగుంటుందేమో అంది పెద్దావిడ.

"ఆయన మాట మార్చే మనిషి కాదండి. ఎవరడిగినా ఒకటే," అంది గుండుసూది. తర్వాత తండ్రికేసి తిరిగింది. "మేస్త్రి గారూ, చల్లగా ఉందని రాశారని చెప్పారు. ఉందా?"

మేస్త్రి జన్మలో నీళ్లు నమిలి ఎరగడు. ఇప్పుడు నమిలాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోకపోతే ఆయనకి అన్యాయం చేసినవాళ్లమవుతాం. పదకొండేళ్ల కిందట మేస్త్రి ఇంకా మేస్త్రి కాదు. ఆ పదవిలో ఆయనకి పని నేర్పిన గురువు ఉండేవాడు. నిప్పు రంగు చూసి ఆవిరి ఎంతుందో చెప్పగల మనిషి. ఒకరోజు మధ్యాహ్నం మొదటి బాయిలర్ లోపల గొట్టం చిట్లింది. ఆవిరి పడిపోయింది. రెండోది చల్లగా ఉంది, బొగ్గు వృథా అని పైవాళ్లే ఆర్పించారు. చల్లటి బాయిలర్ని లేపడానికి ఆరు గంటలు పడుతుంది. ఆ ఆరు గంటల్లో పన్నెండు తొట్ల గుడ్డ మచ్చలు మచ్చలుగా పాడైపోయింది. గొట్టాలు పుచ్చిపోయాయని గురువు మూడేళ్లుగా మొత్తుకుంటున్నాడని ఎవరికీ గుర్తు రాలేదు. గుడ్డ పాడైన గంటలో ఆయన్ని పనిలోంచి తీసేశారు. అన్నం డబ్బా లోపలే ఉండిపోతే, దాన్ని గేటు దగ్గరికి ఎవరిచేతో పంపించారు. లోపలికి రానివ్వలేదు.

మర్నాడు ఆ పదవి మేస్త్రికిచ్చారు. రెండో నంబరు చల్లగానే ఉండాలని మళ్లీ చెప్పారు. అలాగే అన్నాడు. పైవాళ్లు అటు తిరగగానే రెండోదాంట్లో నిప్పు వేశాడు. మంట లేవకుండా, పొగ కనబడకుండా, నిప్పు మీద బూడిద కప్పి, పూటకి మూడు పారల బొగ్గు వేస్తూ బతికించాడు. అలా కప్పిపెట్టిన నిప్పు ఆవిరి ఇవ్వదు, కానీ లేపితే ఇరవై నిమిషాల్లో లేస్తుంది. పదకొండేళ్లలో అది ఒక్కపూట ఆరలేదు. ఇంట్లో చావు జరిగిన రోజున కూడా వచ్చి మూడు పారలు వేసి వెళ్లాడు. ఆ మధ్య మొదటిది రెండుసార్లు మొరాయిస్తే రెండుసార్లూ ఆ నిప్పే మిల్లుని నిలబెట్టింది. ఆ సంగతి తెలిసి ఇంజనీరు భుజం తట్టి, 'మీ రెండోదాని సంగతి నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు' అని నవ్వాడు.

తన జీవితంలో గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదేనని మేస్త్రి లోలోపల అనుకునేవాడు. చెప్పుకోవడానికి వీల్లేదన్నదొక్కటే లోటు. భార్యకి కూడా చెప్పలేదు. సాయంత్రం రిజిస్టరులో చల్లగా ఉంది అని రాస్తున్నప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉండేది. చదువుకున్న వాళ్లందరి కళ్లముందూ ఒక బతికున్న నిప్పుని దాచాను గదా అని.

ఇప్పుడు ఆ నిప్పు మీదే కూతురు అర్జీ ఆగి ఉంది. చల్లగా ఉందంటే నలభై పొద్దులు డాబా మీద వణికిన పిల్లలు దొంగలవుతారు. వేడిగా ఉందంటే పదకొండేళ్ల సంతకాలన్నీ లేచి తన మీద పడతాయి. గేటు దగ్గరికి ఈసారి తన అన్నం డబ్బా వస్తుంది.

పెద్దావిడ ఆయన చేతులకేసి చూస్తోంది. మేస్త్రి కూడా వాటికేసి చూసుకున్నాడు. గోళ్ల సందున బొగ్గు. ఇవాళ పొద్దున ఇక్కడికి వచ్చేముందు వేసిన మూడు పారలవి.

"లేదమ్మా," అన్నాడు. "వేడిగా ఉంది. పొద్దున ఏడింటికి నేనే బొగ్గేసి వచ్చాను. ఫొటోల్లో ఉన్నది నిజం."

ఫొటోల పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇంజనీరు లేవబోతే పెద్దావిడ వేలు చూపించి కూర్చోబెట్టింది. కూర్చున్నాడు గానీ బల్ల కింద ఫోను తీసి నొక్కడం మొదలుపెట్టాడు.

గుండుసూది గొంతులో ఒక మెట్టు ధైర్యం పెరిగింది. తర్వాతి ప్రశ్న ఆ పిల్ల నెల్లాళ్ల కిందటే రాసుకుంది. దాని జవాబు కూడా తనే రాసుకుంది. లాభం కోసం యజమాని దాచిపెట్టి మండిస్తున్నాడని, కాగితాల మీద ఒకటి, పొయ్యిలో ఒకటి అని. వీధి మీటింగుల్లో అదే చెప్పింది, గోడల మీద అదే రాసింది.

"ఎవరు చెబితే మండిస్తున్నారు?"

"ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే."

మేస్త్రి ఆగలేదు. ఒకసారి నోరు తెరిచాక సగంలో మూయడం ఆయనకి చేతకాదు. గొట్టం చిట్లిన రోజు నుంచి పొద్దున మూడు పారల దాకా చెప్పుకొచ్చాడు. యజమాని ఆర్పమన్నాడు, తనే ఆర్పలేదు. దొంగ రాత తనది, నిప్పు తనది. పొగలో ఆ పాలు ఎంతుంటే అంత తనది.

వింటున్నంతసేపూ గుండుసూది వేళ్లు కాగితం అంచుని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి. ఏడాదిగా తను ఏ పొగ మీద కేకలేసిందో, ఆ పొగ తమ ఇంటి మనిషి చేతిలోంచి లేచిందన్నమాట. పొద్దున్నే తనకి జడ వేసిపెట్టి, 'ఇవాళ మీ దండు ఎవరి మీదికి వెళుతోందే' అని వెక్కిరించి పనికి వెళ్లే మనిషి చేతిలోంచి.

ఇంజనీరుకి దారి దొరికింది. ఈసారి పెద్దావిడ వేలు ఆయన్ని ఆపలేకపోయింది. యాజమాన్యానికి ఈ సంగతి ఎంతమాత్రం తెలియదన్నాడు. సదరు ఉద్యోగి నిబంధనలకి విరుద్ధంగా, సొంత నిర్ణయంతో చేసిన పని అన్నాడు. తగిన చర్య ఉంటుందన్నాడు. ఐదు నిమిషాల కిందట వెన్నెముక అన్న నోరే సదరు ఉద్యోగి అంది. మేస్త్రి ఆ మెత్తటి కుర్చీకేసి చూసి, ఇక దాంట్లో కూర్చోనక్కర్లేదు గదా అని ఒక రకంగా తేలికపడ్డాడు.

అసలు ప్రశ్న పెద్దావిడ వేసింది. ఒక పనివాడు తనంతట తను దాచిన నిప్పుని మిల్లు నిప్పు అనొచ్చా? అనకూడదంటే మిల్లుది ఒకటే పొయ్యి, రుసుము లేదు. అర్జీదారు ఏమంటారు?

గుండుసూదికి తేలిక దారి ఒకటుంది. సాక్షి కంగారులో ఏదో అన్నాడు, మళ్లీ అడగండి అనొచ్చు. గడువు అడగొచ్చు. పక్కనున్న పిల్లలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అదే గొణిగారు, ముందు మీ నాన్న సంగతి చూసుకో అని. ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది.

"మా నాన్న చేసింది తప్పండి. రాసిందీ తప్పే. ఇంటికెళ్లాక ఆయనకి నేను చెప్పాల్సింది చాలా ఉంది," అంది. గదిలో ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వేవాడే, మొహం కుదరలేదు. "కానీ ఆ నిప్పు రెండుసార్లు మిల్లు గుడ్డని కాపాడింది. ఆ గుడ్డ అమ్ముకున్నది మా నాన్న కాదు. ఇంజనీరు గారికి ఆ నిప్పు సంగతి తెలుసో తెలీదో ఆయన్నే అడగండి. నేనొక్కటే అడుగుతాను." మళ్లీ తండ్రికేసి తిరిగింది. "గొట్టాలు మారిస్తే రెండో నిప్పు అక్కర్లేదా?"

"అక్కర్లేదు. మొదటిది గట్టిగా ఉంటే రెండోదానితో పనేముంది?"

"మార్చమని అడిగారా?"

"ఏటా అడిగాను. గొట్టాల కంటే బొగ్గు చవక అన్నారు."

"చూశారా అండీ," అంది గుండుసూది పెద్దావిడతో. "అడుగుతున్నది అదే. బొగ్గు చవక ఎందుకైందంటే, దాని పొగకి ధర లేదు గనక. ధర ఉంటే మొదటి ఏడే గొట్టాలు మార్చేవాళ్లు. మా నాన్నకి దొంగ రాత రాసే ఖర్మ పట్టేది కాదు. ఆయన గురువు గారు గేటు బయట నిలబడేవారు కాదు. పల్లపు వీధివాళ్లు ఆ బొగ్గు ధర నీళ్లలో నిలబడి కడుతున్నారు. కట్టాల్సినవాళ్లు కట్టండి అంటున్నాం. అది ఎవరు వేసిన బొగ్గో కాదండి మాకు కావాల్సింది. ఎవరి గుడ్డ కోసం మండిందో అది."

చెప్పి కూర్చుంది. చప్పట్లు కొట్టబోయిన ఒకడిని పక్కవాడు మోచేత్తో పొడిచి ఆపాడు. ఇంజనీరు బల్ల మీది నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండా అక్కడే పెట్టేశాడు.

మేస్త్రికి చదువు అయిదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఏడాదిగా ఇంట్లో ఈ పొగ పన్ను గోల వింటున్నాడు, అన్నం దగ్గర వింటున్నాడు, నిద్రపోనివ్వకుండా వినిపిస్తే వింటున్నాడు. ఒక్కనాడూ బుర్రకెక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. పదకొండేళ్లు తను కాపాడింది మిల్లునీ కాదు, గురువు పరువునీ కాదు. చిట్లిన గొట్టాలని మార్చకుండా ఉండే సౌకర్యాన్ని యజమానికి కాపాడిపెట్టాడు, అదీ ఉచితంగా. పిల్ల అంత మాట పైకి అనలేదు. ఆయనకి ఆయనే అనుకున్నాడు. అయినా విచిత్రంగా వెన్ను నిటారుగానే నిలబడింది.

పెద్దావిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఫొటోలు, రిజిస్టర్లు, మాటలు చాలన్నది. మిల్లు రోడ్డుకి అవతలే ఉంది. అందరూ ఇప్పుడే వెళ్లి రెండో బాయిలర్ తలుపు తెరిచి చూస్తారు. వేడిగా ఉంటే రెండు పొయ్యిలు, చల్లగా ఉంటే ఒకటి. అక్కడే నిర్ణయం రాస్తుంది. ఐదు నిమిషాల్లో బయల్దేరదాం అంది.

కుర్చీలు కదిలాయి. డాబా పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. గుండుసూది బల్ల చుట్టూ తిరిగి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"ఇంత పని చేసి అమ్మకి కూడా చెప్పలేదా?" అంది.

"మీ అమ్మకి చెబితే వీధికి చెప్పినట్టే గదే."

"ఉద్యోగం పోతుందేమో నాన్నా."

"పోతే పోనీ. కొత్త గొట్టాలు బిగించేది తెలిసినవాడు ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. మళ్లీ పిలవక చస్తారా?" అన్నాడు. అన్నాక అది ధైర్యానికి అన్న మాట కాదని, నిజమేనని ఆయనకే తోచింది.

అప్పుడు గమనించాడు, ఇంజనీరు ఫోను ఇంకా బల్ల కిందే ఉంది. మనిషి మొహంలో ఇందాకటి బెరుకు లేదు. కుర్చీలోకి వెనక్కి వాలి, తాపీగా, పెద్దమనుషులంతా బయల్దేరడం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ ఫోనులోంచి కబురు మిల్లుకే వెళ్లి ఉంటుందని మేస్త్రికి తోచింది. ఈ పూట డ్యూటీలో ఉన్నది తన బావమరిది. పనిమంతుడే, తనే నేర్పాడు. కానీ పుట్టాక ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. పైనుంచి ఆర్పేయమని ఫోను వస్తే అలాగేనని తలాడించడం తప్ప వాడికి ఇంకోటి తెలీదు. కప్పిపెట్టిన నిప్పుని ఆర్పడానికి ఒక పద్ధతుంది. కొక్కెం కడ్డీతో కొద్దికొద్దిగా బయటికి లాగాలి, బాయిలర్ దానంతటది చల్లారేదాకా ఆగాలి. పూట పడుతుంది. ఐదు నిమిషాల్లో ఆర్పాలంటే ఒకటే మార్గం, నీళ్లు కొట్టడం. పదకొండేళ్లుగా కాగి ఉన్న ఇటుకల మీద, ఇనుము మీద నీళ్లు కొడితే ఏమవుతుందో తెలిసినవాడు ఆ పని చెయ్యడు.

కిటికీ దగ్గరున్న ఫొటోల పిల్ల కేకేసింది. రెండో చిమ్నీలోంచి తెల్లగా, ఒత్తుగా, దూదిలాగా పొగ పైకి లేస్తోంది. పదకొండేళ్లలో ఊరు చూడనంత పొగ. పిల్లలు సంతోషం పట్టలేక కిటికీకి అంటుకుపోయారు, ఇంకేం సాక్ష్యం కావాలి అని. ఆ పిల్ల గబగబా ఫొటోలు తీస్తోంది.

"అది పొగ కాదు," అన్నాడు మేస్త్రి. "ఆవిరి. నీళ్లు కొడుతున్నారు."

తలుపు దబ్బున తెరుచుకుంది. గుమ్మంలో బావమరిది నిలబడి రొప్పుతున్నాడు. చొక్కా మీద బూడిద, ఒక కాలికే చెప్పు. మేస్త్రికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. వాడు ఇక్కడున్నాడంటే అక్కడ లేనట్టే. రెండంగల్లో వెళ్లి భుజాలు పట్టుకుని ఒళ్లంతా తడిమి చూశాడు.

"నన్ను నీళ్లు కొట్టమన్నారు బావా. కొట్టనన్నాను," అన్నాడు వాడు. ఆ మాట తనే అన్నానా అన్నట్టు వాడికి ఇంకా నమ్మకం కుదరడం లేదు. "చస్తాం సార్ అని చెప్పాను. బావ నేర్పినట్టే చెప్పాను. వినకుండా బయటికి తోసి తలుపు గడియ పెట్టేసుకున్నాడు."

"ఎవడు?"

"ముసలాయనే బావా. యజమానే వచ్చాడు, ఒక్కడే వచ్చాడు. నేనే ఆర్పుకుంటాను పొమ్మన్నాడు."

ఇంజనీరు చేతిలో ఫోను జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

కిటికీ దగ్గర ఎవరో హమ్మయ్య అన్నారు. చిమ్నీలోంచి తెల్లటిది ఆగిపోయింది. ఒక్కసారిగా, గొంతు పట్టుకుని నొక్కినట్టు. ఆగిందిగా, ఇక భయం లేదుగా అని పెద్దావిడ మేస్త్రి మొహంలోకి చూసింది. ఆ మొహం చూసి మళ్లీ అడగలేదు.

"డాంపర్ మూసేశాడు," అన్నాడు బావమరిది సన్నగా. "ఊరికి కనబడకూడదని."

డాంపరంటే చిమ్నీ మొదట్లో పొగ దారిని మూసే ఇనప పలక. చిమ్నీ దారి మూసుకుపోతే లోపల పుట్టిన ఆవిరికి, దాంతోపాటు ఎగిరే నిప్పు బూడిదకి మిగిలేది ఒక్క దారే, బొగ్గు వేసే తలుపు. మేస్త్రి అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. వెనకాల గుండుసూది పరుగు వినబడుతోంది, నాన్నా పేలడానికి ఎంతసేపుంది అని అరుస్తోంది. ఎంతసేపో ఆయనకీ తెలీదు. తెలిసింది ఒక్కటే. రోడ్డుకి అవతల, గడియ పెట్టిన గదిలో, జన్మలో పార పట్టుకోని డెబ్బై ఏళ్ల మనిషి, నీళ్ల గొట్టం పట్టుకుని సరిగ్గా ఆ తలుపుకి ఎదురుగా నిలబడి ఉన్నాడు.